తక్కువ ఖర్చుతో ఇంటి రికార్డింగ్ గదికి శబ్ద నిరోధం

ఇంట్లో ఒక చిన్న గదిని రికార్డింగుకు సిద్ధం చేసుకోదలచినవారిలో చాలామంది మొట్టమొదట కొనేది గోడలకు అంటించే ఫోమ్ పలకలు. డబ్బు ఎక్కువగా వృథా అయ్యేది కూడా అక్కడే. బయటి చప్పుడు లోపలికి, లోపలిది బయటికి పోకుండా ఆపడం ఒక పని. గది లోపల గోడల మధ్య తిరిగే ప్రతిధ్వనిని తగ్గించడం మరొక పని. మొదటిదానికి బరువూ, గాలి చొరని బిగింపూ అవసరం. రెండవదానికి గాలి చొరబడగల మెత్తని, మందమైన పదార్థం అవసరం. ఫోమ్ తేలికైనది, పైగా గాలిని పోనిస్తుంది కనుక వీధిలోని హారన్‌ను అది ఏ మాత్రం ఆపలేదు. కోడిగుడ్ల అట్టలు ఈ రెండు పనుల్లో దేనికీ పనికిరావు సరికదా, నిప్పు తగిలితే క్షణాల్లో అంటుకుంటాయి.

ఖర్చు మొదలుపెట్టే ముందు, మైకును మామూలుగా వాడే చోటనే ఉంచి, ఎవరూ మాట్లాడకుండా ఒక నిమిషం రికార్డు చేసి హెడ్‌ఫోన్స్‌లో వినాలి. తరువాత ఫ్యాను, ఏసీ, పక్క గదిలోని ఫ్రిజ్, కంప్యూటర్‌లను ఒక్కొక్కటిగా ఆపుతూ మళ్ళీ వినాలి. ఏది ఆగినప్పుడు ఎంత తేడా వచ్చిందో తెలిస్తే సగం సమస్య పైసా ఖర్చు లేకుండానే తీరవచ్చు: రికార్డు చేసే కాసేపూ ఫ్యాను ఆపవచ్చు, కంప్యూటర్‌ను బల్ల మీది నుంచి దూరంగా జరపవచ్చు, వీధి సద్దుమణిగే వేళను ఎంచుకోవచ్చు. అన్నీ ఆపిన తరువాత కూడా మిగిలే చప్పుడు గురించే ఇక డబ్బు ఖర్చు పెట్టాలి.

ఆ డబ్బులో మొదటి భాగం సందులకు పోవాలి. గాలి దూరే ప్రతి చోటా శబ్దం దూరుతుంది, అదీ సందు పరిమాణాన్ని చూసి మనం ఊహించే దానికన్నా చాలా ఎక్కువగా. 80 సెంటీమీటర్ల వెడల్పు, 2 మీటర్ల ఎత్తు ఉన్న తలుపు కింద ఒక సెంటీమీటరు ఖాళీ ఉందనుకుందాం. ఆ ఖాళీ తలుపు వైశాల్యంలో రెండు వందల వంతు మాత్రమే. అయినా దాని మూలంగా, తలుపు ఎంత బరువైనదైనా, మొత్తం మీద సుమారు 23 డెసిబెళ్ళకు (శబ్ద తీవ్రతను కొలిచే ప్రమాణం) మించి శబ్దం తగ్గదు. అందువల్ల రాత్రివేళ గదిలో దీపం ఆర్పి, అవతలి వైపు నుంచి టార్చి వేయించి, వెలుతురు కనిపించిన చోటల్లా గుర్తు పెట్టుకోవాలి. ద్వారబంధానికి మూడు వైపులా, తలుపు మూసినప్పుడు నొక్కుకునేలా రబ్బరు పట్టీ అంటించి, కింది అంచుకు నేలను తాకే రబ్బరు పట్టీ బిగించాలి. గోడకూ ద్వారబంధానికీ మధ్య ఉన్న పగుళ్ళను, ఎండిన తరువాత కూడా సాగే గుణం ఉన్న సీలెంటుతో నింపాలి. సిమెంటు మళ్ళీ పగులుతుంది.

తరువాతిది తలుపు రెక్క. తట్టినప్పుడు డొల్లగా మోగే తలుపైతే, దానికి మందమైన ప్లైవుడ్ లేదా ఎం.డి.ఎఫ్. (చెక్క నారను అదిమి చేసే) పలక బిగించవచ్చు, అయితే కీళ్ళు ఆ బరువును మోయగలవో లేదో ముందే చూసుకోవాలి. బరువు రెట్టింపైతే దక్కేది దాదాపు 6 డెసిబెళ్ళు. మరో 6 కావాలంటే మళ్ళీ రెట్టింపు చేయాలి. కాబట్టి బరువు పెంచుతూ పోవడం కొంతదూరం తరువాత గిట్టుబాటు కాదు. కిటికీకి చవకైన ఉపాయం, దాని చట్రంలో సరిగ్గా ఇమిడే బరువైన పలకను కోయించి, అంచుల చుట్టూ రబ్బరు అంటించి, రికార్డు చేసేటప్పుడు మాత్రమే బిగించడం. పలకకూ అద్దానికీ మధ్య ఎంత ఎక్కువ ఖాళీ ఉంటే అంత మంచిది.

ఇటుక గోడలను కదిలించనవసరం లేదు. పైఅంతస్తులో నడిచే అడుగుల చప్పుడు మాత్రం స్లాబులోంచే ప్రయాణిస్తుంది. దాన్ని ఆపాలంటే ఇంటి కట్టడాన్ని తాకకుండా గదిలో మరో గది కట్టాలి, అది తక్కువ ఖర్చుతో అయ్యే పని కాదు. అలాంటి చోట గది మార్చుకోవడమే తెలివైన పని అని నా అభిప్రాయం.

ఇక ప్రతిధ్వని. శోషించే పదార్థం, తాను ఆపవలసిన ధ్వని తరంగం పొడవులో నాలుగో వంతు దూరం వరకు గోడ నుంచి ముందుకు వచ్చి ఉంటే బాగా పనిచేస్తుంది. 1000 హెర్ట్జ్ (సెకనుకు వెయ్యి కంపనాలు) దగ్గర ఆ దూరం సుమారు 9 సెంటీమీటర్లు, 100 హెర్ట్జ్ దగ్గర 86 సెంటీమీటర్లు. రెండు మూడు సెంటీమీటర్ల ఫోమ్ పై స్థాయి ధ్వనులను మాత్రమే మింగి, కింది స్థాయి గుమ్మనే మోతను అలాగే వదిలేస్తుంది కనుకనే, గది నిండా ఫోమ్ అంటించిన తరువాత గొంతు డబ్బాలోంచి వస్తున్నట్టు వినిపిస్తుంది. దానికి బదులు, 10 సెంటీమీటర్ల మందం రాక్‌వూల్‌ను (రాతిని కరిగించి తీసిన నారతో చేసే పలక) చెక్క చట్రంలో అమర్చి, నోటితో ఊదితే గాలి దూరిపోయే గుడ్డ కప్పి, గోడకు 5 నుంచి 10 సెంటీమీటర్ల ఎడంగా నిలపాలి. రాక్‌వూల్ కోసేటప్పుడు మాస్కు, చేతి తొడుగులు తప్పనిసరి. ఇలాంటివి నాలుగైదు ఉంటే చిన్న గదికి చాలా తేడా తెలుస్తుంది. గొంతు రికార్డు చేసే సాధారణ కార్డియాయిడ్ మైకు తనకు ఎదురుగా ఉన్నదాన్నే ఎక్కువగా వింటుంది, అంటే మాట్లాడేవారి వీపు వెనుక ఉన్న గోడ నుంచి తిరిగి వచ్చే ధ్వనిని. మొదటి ప్యానెల్ అక్కడ, తరువాతివి ఇరుపక్కలా, మిగిలితే మూలల్లో ఉంచాలి. ప్యానెళ్ళకు కూడా డబ్బు లేకపోతే బరువైన బొంతలను మడతలు మడతలుగా, గోడకు ఎడంగా వేలాడదీయవచ్చు. బట్టలతో నిండిన బీరువా తలుపులు తెరిచి దాని ముందు వీపు పెట్టి నిలబడినా ఫలితం బాగానే ఉంటుంది.

మైకుకు దగ్గరగా మాట్లాడడం కూడా శబ్ద నిరోధంలో భాగమే. దూరం సగమైతే గొంతు సుమారు 6 డెసిబెళ్ళు పెరుగుతుంది, గది చప్పుడు మాత్రం ఉన్నచోటే ఉంటుంది. పాప్ ఫిల్టర్ (నోటి గాలి మైకుకు నేరుగా తగలకుండా ముందు ఉంచే జల్లెడ తెర) పెట్టుకొని 15–20 సెంటీమీటర్ల దూరంలో, కిటికీ వైపుకు మైకు వీపు తిరిగేలా కూర్చోవాలి. ఆడియో పుస్తకాలు స్వీకరించే ఏసీఎక్స్ సంస్థ నిశ్శబ్ద భాగాల్లో చప్పుడు, రికార్డింగు పట్టగల గరిష్ఠ స్థాయిని సున్నాగా లెక్కిస్తే, మైనస్ 60 డెసిబెళ్ళకు మించకూడదని కోరుతుంది. మొదట చేసిన ఆ నిమిషం రికార్డింగును పనులయ్యాక మళ్ళీ చేసి, ఆ అంకెతో పోల్చుకోవచ్చు.

సందులన్నీ మూసిన గదిలో గాలి ఆడదు. కిటికీ పలకను సులువుగా ఊడదీయగలిగేలా పిడి పెట్టించుకొని, ప్రతి అరగంటకొకసారి తలుపు, కిటికీ తెరవాలి. ఆ గదిలో మంటతో వేడినిచ్చే పరికరమేదీ వాడకూడదు.