వానలకు ముందే 11 కేవీ కేబుల్ పని: యూనిట్ యజమానులకు జాగ్రత్తలు

విజయవాడ ఆటోనగర్‌లో మీ యూనిట్‌కు 11 కేవీ కేబుల్ వేయించాలనుకుంటే జూన్ రాకముందే ముగించండి. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి నగరంలోని సింగ్‌నగర్‌లో రోజుల తరబడి నీళ్లు నిలిచాయి. పైతొడుగు చెక్కుచెదరని కేబుల్ అలాంటి తడిని ఓర్చుకుంటుంది. రెండు ముక్కలను కలుపుతూ తడిలో కట్టిన జాయింటు ఓర్చుకోదు.

కందకం విషయంలో బేరాలు వద్దు. 11 కేవీ కేబుల్‌కు 0.9 మీటర్లు, 33 కేవీకి 1.05 మీటర్లు లోతు ఉండాలని కేబుళ్లు వేయడానికి సంబంధించిన భారతీయ ప్రమాణం ఐఎస్ 1255 చెబుతోంది. కేబుల్ కిందా పైనా జల్లించిన ఇసుక పోయించండి. నల్లరేగడి నేల ఎండకు బీటలు వారుతుంది, వానకు ఉబ్బుతుంది. ఆ లాగుడు జాయింటుపై పడకుండా రెండు పక్కలా కొంత పొడవు వంపుగా వదలాలి. డ్రమ్ము నుంచి లాగేటప్పుడు రోలర్లు వాడండి. కోసిన కొసలకు వెంటనే టోపీలు బిగించాలి, లేకపోతే తేమ తీగల వెంట లోపలికి పాకుతుంది.

నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది జాయింటు కట్టే పనివాడు, అంటే జాయింటర్ చేతిలోని కత్తి. ఇన్సులేషన్‌పై అంటుకుని ఉండే నల్లటి సెమీకండక్టర్ పొరను (కొద్దిగా విద్యుత్ ప్రవహించే పొర) తీసేటప్పుడు లోపలి ఇన్సులేషన్‌పై గాటు పడితే అక్కడ గాలి చిక్కుకుంటుంది. ఆ గాలిలోనే చిన్న చిన్న విద్యుత్ విడుదలలు మొదలై, నెలల తర్వాత కేబుల్ పేలుతుంది. తుడవడమూ ఇన్సులేషన్ వైపు నుంచి నల్లపొర వైపుకే సాగాలి. తిరగేస్తే కార్బన్ మరక ఇన్సులేషన్‌కు అంటుతుంది. పైన టెంటు వేయించండి. జల్లు మొదలైతే పని ఆపమని మీరే చెప్పండి, కూలి ఒక రోజు పెరిగినా సరే.

మెగ్గర్ (ఇన్సులేషన్ నిరోధాన్ని కొలిచే మీటరు) రీడింగు బాగుందని సంతోషపడి లైను ఎక్కించవద్దు. అలాంటి గాటును అది పట్టకపోవచ్చు. 0.1 హెర్ట్‌జ్ వీఎల్ఎఫ్ పరీక్ష (చాలా తక్కువ ఫ్రీక్వెన్సీ ఏసీ వోల్టేజీతో చేసేది) అడగండి: కొత్త 6.35/11 కేవీ (తీగకూ భూమికీ మధ్య 6.35, తీగల మధ్య 11) కేబుల్‌కు సుమారు 19 కేవీ, 15 నిమిషాలు. ఏళ్లుగా వాడిన ఎక్స్‌ఎల్‌పీఈ (ఒక రకం పాలిథీన్ ఇన్సులేషన్) కేబుల్‌కు మాత్రం డీసీ హైపాట్, అంటే అధిక డీసీ వోల్టేజీ పరీక్ష చేయనివ్వకండి. ఇన్సులేషన్‌లో చార్జి చిక్కుకుని, లైను ఎక్కించాక కేబుల్ దెబ్బతినవచ్చు.

పరీక్షకు ముందు ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే సరఫరా ఆపి పనికి ఇచ్చే అనుమతి) తీసుకుని, ట్రాన్స్‌ఫార్మర్‌ను, సర్జ్ అరెస్టర్లను (పిడుగుల వంటి అధిక వోల్టేజీ నుంచి కాపాడే పరికరాలు) కేబుల్ నుంచి విడదీయాలి. అవతలి కొస దగ్గర మనిషిని కాపలా పెట్టాలి. పరీక్ష ఆగాక కూడా కేబుల్‌లో ప్రాణం తీసేంత చార్జి మిగులుతుంది. డిశ్చార్జ్ కడ్డీతో ఎర్త్ చేసి, ఎర్త్ అలాగే ఉంచిన తర్వాతే ఎవరినైనా తాకనివ్వండి.