మాట్లాడే వీడియోలకు ముందు మైకు కొనండి, కెమెరా తర్వాత

పాఠం చెప్పాలన్నా, పత్తిలో తెగుళ్ల గురించి చెప్పాలన్నా, కెమెరా ముందు కూర్చుని మాట్లాడేవాళ్లు పైసలు ముందు మైకు మీద పెట్టాలి. బొమ్మ కొంచెం మసకగా ఉన్నా జనం చూస్తారు. మాట సరిగ్గా వినపడకపోతే అర నిమిషం కూడా ఆగరు.

కెమెరాగా చేతిలో ఉన్న ఫోన్ చాలు. వెనుక కెమెరాతోనే తీయండి, 1080పి (ఫుల్ హెచ్‌డీ) సరిపోతుంది. లెన్స్ కళ్ల ఎత్తులో ఉండాలి. ఫోన్‌ను ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ట్యూబ్‌లైట్లు, చవక ఎల్ఈడీ బల్బులు సెకనుకు 100 సార్లు మిణుకుమంటాయి. వీడియోలో నల్లటి చారలు పాకేది అందుకే. షటర్‌ను (ఒక్కో ఫ్రేమ్‌కు వెలుతురు పడే సమయం) 1/50 లేదా 1/100 సెకను దగ్గర నిలిపితే అవి పోతాయి. ఆ వీలు లేకపోతే లైట్లు ఆర్పేసి కిటికీకి ఎదురుగా కూర్చోండి. ముఖం మీద వేలు నొక్కిపట్టి ఎక్స్‌పోజర్ (వెలుతురు మోతాదు) మారకుండా లాక్ చేయండి.

మైకుల్లో మొదట కొనాల్సింది వైరున్న కాలర్ మైకు. బోయా బీవై-ఎం1 వంటిది వెయ్యి రూపాయలకు అటూఇటూగా దొరుకుతుంది, వైరు 6 మీటర్లు. దాని మీది స్విచ్ ఫోన్ వైపు ఉంటే బ్యాటరీ అక్కర్లేదు. కెమెరా వైపు పెడితే లోపల ఎల్ఆర్44 బిళ్ల బ్యాటరీ ఉండాలి. పిన్ను కూడా చూసుకోండి: ఫోన్‌కు మూడు నల్ల గీతలున్నది, కెమెరాకు రెండున్నది. ఇయర్‌ఫోన్ పెట్టే గుండ్రటి రంధ్రం లేని ఫోన్లకు టైప్-సి కన్వర్టర్ కావాలి. లోపల మాటను డిజిటల్‌గా మార్చే చిప్ లేని చవకరకం చాలా ఫోన్లలో పనిచేయదు. అప్పుడు ఫోన్ తన మైకుతోనే రికార్డు చేసుకుంటూ పోతుంది, మీకు తెలియదు. అందుకే నల్లగొండలోనైనా, పాలమూరులోనైనా దుకాణానికి ఫోన్ వెంట తీసుకుపోండి. అక్కడే రికార్డింగ్ పెట్టి మైకును గోటితో గీకండి. తిరిగి వింటే ఆ గీకుడు గట్టిగా వినపడాలి. వినపడకపోతే ఓపెన్ కెమెరా అనే ఉచిత యాప్‌లో ఆడియో సోర్స్‌ను ఎక్స్‌టర్నల్ మైక్‌కు మార్చి చూడండి. అప్పటికీ రాకపోతే ఆ కన్వర్టర్ కొనకండి.

మైకును గడ్డానికి జానెడు కింద పెట్టండి. కొంగుకు, కండువాకు తగిలితే మాట కన్నా రాపిడే ఎక్కువ వినిపిస్తుంది.

అసలు చిక్కు అర్రతో. స్లాబు, తాండూరు బండలు, ఉత్త గోడలు ఉంటే మాట మోగుతుంది, ఎంత ఖరీదు మైకైనా దాన్ని ఆపలేదు. ఇంట్లో గొంగడి ఉంటే ఫోన్ వెనుక, మీకు ఎదురుగా ఉన్న గోడకు వేలాడదీయండి, ఎందుకంటే గొంతు ముందు తగిలేది ఆ గోడకే. కింద ఒక బొంత పరవండి. ఫ్యాను, కూలరు ఆపాలి. వాటి సప్పుడును తర్వాత సాఫ్ట్‌వేర్‌తో తీయబోతే గొంతు కూడా పలచబడుతుంది. ఎండాకాలంలో పొద్దున్నే తీసుకోవడం ఒక్కటే దారి.

నారాయణపేట చీరలో సన్న గళ్లున్నవి కెమెరాలో మెరమెరలాడతాయి, పెద్ద గళ్లో సాదావో కట్టుకోండి.

పెళ్లి ఫోటోగ్రాఫర్ల దగ్గర పాత డీఎస్ఎల్ఆర్ చవకగా వస్తోందంటే ముందు మైకు రంధ్రం ఉందో లేదో చూడండి. కెనాన్ 1500డీకి లేదు. 200డీకి ఉంది, తెర కూడా మీ వైపు తిరుగుతుంది. ఇలాంటి కెమెరాల్లో చాలావరకు 29 నిమిషాల 59 సెకన్లకు రికార్డింగ్ దానంతటదే ఆగిపోతుంది, పాఠాన్ని 25 నిమిషాల ముక్కలుగా చెప్పుకోండి.