పక్షవాతం తర్వాత చదవడం పోతే ఇంట్లో సాధన ఎలా చేయించాలి?

నిన్నటిదాకా పేపరు మొత్తం చదివిన మనిషికి పొద్దున లేచేసరికి అక్షరాలు పిచ్చిగీతల్లా కనిపిస్తే కళ్లద్దాల దుకాణానికి పరుగెత్తకండి, 108కి ఫోన్ చేయండి. అది పక్షవాతం (బ్రెయిన్ స్ట్రోక్) కావచ్చు. మెదడులో రక్తపు గడ్డను కరిగించే మందును సాధారణంగా లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల లోపే ఇస్తారు. ఇక్కడ చెప్పే సాధన ప్రమాదం గడిచి, స్పీచ్ థెరపిస్టు చూశాక మొదలుపెట్టవలసింది.

1. ఏం పోయిందో, ఏం మిగిలిందో చూడండి. పేరు, ఊరు రాయమనండి. కాగితం దాచి, పది నిమిషాల తర్వాత అదే చేతికిచ్చి చదవమనండి. గడగడా రాసిన మనిషే తన రాతను గుర్తుపట్టలేకపోవచ్చు. నటన అనుకోకండి. కంటికి కనిపించిన అక్షరం భాషను చేరే దారి తెగింది, రాసే దారి మిగిలింది. ఫ్రెంచి వైద్యుడు డెజెరిన్ 1892లోనే ఇలాంటి రోగిని వర్ణించారు. రాత కూడా పోతే, మాట తడబడుతుంటే సాధన వేరు. అది థెరపిస్టే చెప్పాలి.

2. వీరిలో చాలామందికి కుడివైపు చూపు తగ్గుతుంది. 'రామచంద్రపురం' కాస్తా 'రామచం' దగ్గర ఆగిపోతుంది. పేజీ కుడి అంచున ఎర్రగీత గీసి, అది కనిపించేదాకా చూపు జరపమనండి.

3. చేత్తో చదివించండి. పళ్లెంలో బియ్యం పరిచి, అట్టమీద పెద్దగా రాసిన 'మ'ను చూస్తూ వేలితో దిద్దమనండి. అవును, అక్షరాభ్యాసమే! వేలు చివరి మెలిక తిరిగేసరికి కొందరి నోట 'మ' వచ్చేస్తుంది. మ-వ, ప-ష లాంటి జంటలను ఒకేరోజు కలపకండి. వత్తులు ఆఖరున. కెనడా డిటెక్టివ్ నవలాకారుడు హోవర్డ్ ఎంగెల్ 2001లో ఇలాగే చదవడం కోల్పోయి, నాలుకతో పళ్ల వెనక అక్షరాలు దిద్దుకుంటూ చదివారు, మళ్లీ నవల రాశారు.

4. బాలశిక్ష మాత్రం ముందు పెట్టకండి. ముప్పై ఏళ్లు ఉద్యోగం చేసిన మనిషికి అది అవమానం. మనవరాలి పేరు, ఊరి బస్సు బోర్డు, పాల లెక్క చాలు. ఒక్కో అక్షరం కూడబలుక్కుంటారు కాబట్టి చిన్న పదాలే ముందు. పావుగంట చాలు.

5. మందుల దగ్గర సాధన వద్దు. డబ్బాలకు గుర్తుగా అంటించే రంగు కాగితాలనూ నమ్ముకోకండి, కొందరికి రంగుల పేర్లు కూడా తప్పుతాయి. పగటి డబ్బా మీద సూర్యుడిని, రాత్రి డబ్బా మీద చంద్రుడిని గీయండి.