తడి ఉన్నా మొక్క వాడుతోందా? కణజాలాన్ని బట్టి సమస్య - పరిష్కారం

సమస్య 1: ఆకులు పచ్చగా ఉండగానే కుండీలోని మిరప తలవాల్చింది

విజయవాడ ఎండకు మధ్యాహ్నం వాలిన మొక్క సాయంత్రానికి తేరుకుంటే, ఆకు పైపొర అయిన త్వచ కణజాలంలోని పత్రరంధ్రాల గుండా పోతున్న నీటిని వేర్లు అదే వేగంతో అందించలేకపోతున్నాయని అర్థం. కాస్త నీడ, ఉదయపు నీరు చాలు. తెల్లవారినా తేరుకోకపోతే మట్టిలో వేలు పెట్టి చూడాలి. తడి తగిలితే లోపం నీటిని పైకి చేర్చే దారువులోనో, ఊపిరాడని వేర్లలోనో ఉంటుంది. అప్పుడు మరో చెంబెడు నీళ్లు పోసి నేను రెండు కుండీలు పోగొట్టుకున్నాను.

చాలా మొక్కలు వాడితే ఒకదానిని మొదలు దగ్గర కోసి, కోసిన కొనను గాజు గ్లాసులోని నీటిలో కదలకుండా ముంచి ఉంచండి. కొద్ది నిమిషాల్లో పాల దారం లాంటి జిగురు కిందికి జారితే అది బాక్టీరియా ఎండు తెగులు. దారం రాకుండా, చీల్చిన కాండంలో గోధుమరంగు చారలుంటే ఫ్యుజేరియం శిలీంధ్రాన్ని అనుమానించాలి. రెండింటిలోనూ పూడిన దారునాళం మళ్లీ తెరుచుకోదు కనుక, మొక్కను మట్టితో సహా తీసేయాలి. ఆ మట్టిలో టమాటా, వంగ కూడా నాటకూడదు. ఇవేవీ లేక వేర్లు నల్లబడి కుళ్లితే కుండీ అడుగు రంధ్రం మూసుకుపోయిందేమో చూడాలి.

సమస్య 2: ఊతకర్రకు కట్టిన ఇనుప తీగకు పైన జామ కాండం ఉబ్బింది

ఆకులు తయారుచేసిన ఆహారాన్ని వేర్లకు దించే పోషక కణజాలం బెరడు లోపలి వైపున ఉంటుంది. బిగిసిన తీగ దానినే నొక్కేస్తుంది. దారువు అంతకన్నా లోపల ఉన్నందున నీరు ఎప్పటిలాగే ఎక్కుతూ, ఆకులు చాలా రోజులు పచ్చగానే ఉండి మనల్ని మభ్యపెడతాయి. ఈలోగా వేర్లు పస్తులుంటాయి. గాలి అంటు కట్టేవారు దానిమ్మ కొమ్మ బెరడును ఉంగరంలా వలిచి, పైన నిలిచిన ఆహారంతో వేర్లు పుట్టించేదీ ఈ సూత్రంతోనే. తీగను పెరకకుండా ముక్కలుగా కత్తిరించి తీయండి. బెరడు ఒక పక్కనైనా మిగిలి ఉంటే, దాని కింద కొత్త కణాలను పుట్టించే విభాజ్య కణజాలం మెల్లగా గాయాన్ని పూడుస్తుంది. ఇకపై గుడ్డ పేలికతో, వేలు దూరేంత వదులుగా కట్టాలి.

సమస్య 3: మందు కొట్టినా మిరప ఆకు ముడత విప్పుకోలేదు

పై ముడతకు తామర పురుగు, కింది ముడతకు మొక్కల రసం పీల్చే నల్లి కారణమని గుంటూరు మిరప రైతులు ఆకును చూడగానే చెబుతారు. నల్లికి నీటిలో కరిగే గంధకాన్ని లీటరుకు 3 గ్రాముల చొప్పున, ఎండ తగ్గాక పిచికారీ చేయాలి. తామర పురుగుకు వేపనూనె, నీలిరంగు జిగురు అట్టలు వాడవచ్చు. ముడుచుకున్న ఆకు కణాలు విభజన మాని శాశ్వత కణజాలమయ్యాయి కనుక అవి ఇక సాపు కావు. కొనలోని విభాజ్య కణజాలం నుంచి వచ్చే తర్వాతి రెండు మూడు ఆకులను చూసే మందు పనిచేసిందో లేదో తేల్చుకోవాలి.