వైరుదా, బ్లూటూత్‌దా? ఇయర్‌ఫోన్స్ కొనేముందు ఇవి చూసుకోండి

ధర కంటే ముందు ఒకటి తేల్చుకోండి: రోజులో ఎక్కువసేపు దేనికి వాడతారు? పాటలకా, ఆఫీసు కాల్స్‌కా, గేమ్స్‌కా, బస్సు ప్రయాణానికా?

చాలామంది సౌండ్ ఎలా ఉందో చూసి కొంటారు. కానీ వైర్‌కీ బ్లూటూత్‌కీ తేడా బాగా తెలిసేది మైక్ దగ్గర. పాట వింటున్నప్పుడు బ్లూటూత్ తన సామర్థ్యమంతా మన చెవులకు స్టీరియో పంపడానికే వాడుతుంది. మైక్ ఆన్ అయ్యిందంటే మాట అటూ ఇటూ వెళ్లాలి కాబట్టి వేరే పద్ధతికి మారిపోతుంది, సౌండ్ మోనో (రెండు చెవుల్లోనూ ఒకటే) అయిపోయి పాత ల్యాండ్‌లైన్‌లో విన్నట్టు ఉంటుంది. ల్యాప్‌టాప్‌లో మీటింగ్‌లోకి వెళ్లగానే బడ్స్ పాడయ్యాయేమో అని టెన్షన్ పడేది ఇందుకే. పాడవలేదు. సౌండ్ సెట్టింగ్స్‌లో అవుట్‌పుట్ బడ్స్‌కే ఉంచి, ఇన్‌పుట్ మాత్రం ల్యాప్‌టాప్ సొంత మైక్‌కి మార్చండి, చాలావరకు మళ్లీ మామూలుగా వినిపిస్తుంది. ఎల్ఈ ఆడియో అనే కొత్త బ్లూటూత్ పద్ధతి ఉన్న మోడళ్లలో ఈ ఇబ్బంది తగ్గుతోంది, కానీ అది మీ ల్యాప్‌టాప్‌లోనూ ఉండాలి.

ఇంట్లో పక్కనే టీవీ, కుక్కర్ విజిల్స్ ఉంటే ల్యాప్‌టాప్ మైక్ అవన్నీ లాగేస్తుంది. అలాంటి చోట నోటి దగ్గరికి మైక్ వచ్చే వైర్ హెడ్‌సెట్టే కొనండి. ఇంటర్వ్యూ ఉన్న రోజు కూడా వైరే పెట్టుకోండి. ఛార్జింగ్ గొడవ ఉండదు, సరిగ్గా ఆ టైముకి బడ్స్ వెళ్లి ఫోన్‌కి కనెక్ట్ అయిపోవడమూ ఉండదు.

తర్వాతది ఆలస్యం. మామూలు బ్లూటూత్‌లో సౌండ్ దాదాపు 150 నుంచి 250 మిల్లీసెకన్లు వెనకబడుతుంది. సినిమా చూస్తుంటే ఇది తెలియదు, ఎందుకంటే వీడియో యాప్‌లు బొమ్మను కూడా ఆ మేరకు ఆపి చూపిస్తాయి. గేమ్‌లో అలా కుదరదు, మనం కాల్చాక శబ్దం వస్తుంది. కొన్ని బడ్స్‌లో ఉండే గేమ్ మోడ్ దీన్ని తగ్గిస్తుంది, పూర్తిగా తీసేయదు. గేమ్స్ ఆడేవాళ్లు, ఫోన్‌లో కీబోర్డ్ వాయించేవాళ్లు ఆలోచించకుండా వైర్ తీసుకోవచ్చు.

సౌండ్ విషయానికొస్తే, తక్కువ బడ్జెట్‌లో అదే డబ్బుకి వైర్‌లోనే మంచిది దొరికే అవకాశం ఎక్కువ, బ్యాటరీకీ చిప్‌కీ కేస్‌కీ ఖర్చు ఉండదు కదా. బ్లూటూత్‌లో ఎల్‌డ్యాక్ లాంటి కోడెక్ (సౌండ్‌ని కుదించి పంపే పద్ధతి) సెకనుకు 990 కిలోబిట్ల వరకు పంపగలదు, అయితే అది ఫోన్‌లోనూ ఉండాలి, బడ్స్‌లోనూ ఉండాలి. ఐఫోన్‌లో లేదు, కాబట్టి ఐఫోన్ వాడేవాళ్లు దానికోసం ఎక్కువ పెట్టకండి.

వైర్ కొనేముందు మీ ఫోన్‌కి ఇయర్‌ఫోన్ పెట్టే రంధ్రం ఉందో లేదో చూడండి. 2016లో ఐఫోన్ 7 నుంచి 3.5 ఎంఎం జాక్ పోయింది, తర్వాత ఆండ్రాయిడ్‌లోనూ చాలావాటికి తీసేశారు. అప్పుడు టైప్-సీ ఇయర్‌ఫోన్స్ కావాలి (ఐఫోన్ 14 వరకు ఉన్న ఐఫోన్లకైతే లైట్నింగ్‌వి). టైప్-సీలో రెండు రకాలున్నాయి, ఇక్కడే చాలామంది డబ్బు పోగొట్టుకుంటారు. డిజిటల్ సిగ్నల్‌ని సౌండ్‌గా మార్చే డ్యాక్ చిప్ లోపల ఉన్నవి దాదాపు అన్ని ఫోన్లలోనూ పనిచేస్తాయి, లేనివి కొన్నింటిలోనే. షాపులో అయితే మీ ఫోన్‌కే పెట్టించి విన్నాకే డబ్బివ్వండి. ఆన్‌లైన్ అయితే వివరాల్లో డ్యాక్ అని రాసుందో లేదో చూడండి. ఉన్నది ఒకటే పోర్టు కాబట్టి వింటూ ఛార్జింగ్ పెట్టుకోవడమూ కష్టమే.

ఇక నడకకి, జిమ్‌కి, వంటింట్లో పనికి, కిక్కిరిసిన బస్సులో నిలబడి వెళ్లడానికి బ్లూటూతే సుఖం. వైరు దేనికో తగులుకుని ఫోన్ కింద పడే భయం లేదు. బస్సు, రైలు, ఏసీ హోరు లాంటి ఒకే తీరు శబ్దాన్ని నాయిస్ క్యాన్సిలింగ్ బాగా తగ్గిస్తుంది, పక్కవాళ్ల మాటల్ని అంతగా కాదు. దీనివల్ల వాల్యూమ్ పెంచాల్సిన పని తగ్గుతుంది, అది చెవులకి నిజంగా మేలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కన 80 డెసిబెల్స్ అయితే వారానికి 40 గంటలు వినొచ్చు, 90 అయితే 4 గంటలే. రోడ్డు మీద నడిచేటప్పుడు మాత్రం నాయిస్ క్యాన్సిలింగ్ ఆపేయండి, హారన్ వినబడాలి.

బడ్స్ జారిపోతాయని భయపడేవాళ్లు నెక్‌బ్యాండ్ చూడండి, మెడలోనే ఉంటుంది, బ్యాటరీ కూడా పెద్దది. బడ్స్‌లోది చాలా చిన్న బ్యాటరీ, రోజూ వాడితే రెండు మూడేళ్లకి బలం తగ్గుతుంది, మార్పించడం చాలావాటిలో కుదరదు. వైర్ ఇయర్‌ఫోన్ జాగ్రత్తగా వాడితే అంతకన్నా ఎక్కువే వస్తుంది: తీసేటప్పుడు వైరు కాకుండా ప్లగ్ పట్టుకుని లాగండి, ఫోన్ చుట్టూ బిగించి చుట్టకండి, ఎక్కువగా తెగేది ప్లగ్ మొదట్లోనే. బడ్స్ కేస్‌ని ఎండలో కారులో వదిలేయకండి. ఒకవైపు బడ్ ఛార్జ్ అవ్వకపోతే కొత్తది కొనేముందు, బడ్ మీదా కేస్ లోపలా ఉన్న లోహపు చుక్కల్ని పొడి దూదితో తుడిచి చూడండి, చెమట, మట్టి పట్టి చాలాసార్లు అక్కడే ఆగిపోతుంది.