స్టెయిన్ వేశాక అతుకుల దగ్గర పాలిపోయిన మచ్చలు

సమస్య: కొత్త కొయ్యసామానుకి స్టెయిన్ (చెక్కలోకి ఇంకే రంగు) పట్టించారు. పలకంతా చక్కగా రంగెక్కింది. కాలూ పట్టీ కలిసేచోట మాత్రం పాలిపోయిన మచ్చలు. ఇంకో కోటింగ్ వేస్తే చుట్టూ ముదురుతుంది, మచ్చ మాత్రం అలాగే ఉంటుంది.

ఇక అందరూ స్టెయిన్ డబ్బాని తిట్టి, ఇంకో డబ్బా తెస్తారు. డబ్బాలో ఏ లోపమూ లేదు. అక్కడున్నది జిగురు.

కారణం: అతుకు బిగించగానే బయటికి పొంగిన తెల్ల జిగురుని తడిగుడ్డతో తుడిచేస్తాం. శుభ్రమైపోయినట్టే ఉంటుంది. కానీ నీళ్లు తగిలి పలచబడిన జిగురు చెక్క సందుల్లోకి దిగుతుంది. ఆరాక కంటికి ఆనదు, స్టెయిన్‌ని మాత్రం లోపలికి పోనివ్వదు. జిగురు చేత్తో ఎక్కడ పట్టుకున్నా ఇదే తంతు. ఒకసారి ఓ కుర్చీకి మూడుసార్లు ఎమరీ పట్టి మూడుసార్లు స్టెయిన్ వేశాను. మూడోసారి వెలుతురుకి పెట్టి చూస్తే, మచ్చలో నా బొటనవేలి గీతలు!

డబ్బా మూత తీయకముందే చూసుకోవాల్సింది ఇదొక్కటే, ఎన్నిసార్లు చెప్పినా చెయ్యరు. టర్పెంటైన్‌లో ముంచిన గుడ్డతో అన్నివైపులా తుడవండి (కిటికీలు తెరిచి, దగ్గర్లో మంట లేకుండా). చెక్క ముదురుతుంది, జిగురున్నచోటు లేతగా మిగిలిపోతుంది. ఆరేలోగా పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోండి. నీళ్లతోనూ తెలుస్తుంది గానీ నూగు (చెక్క సన్నని పీచు) లేస్తుంది.

పరిష్కారం: గుర్తున్నచోట పదునైన ఉలితో గీకండి. తర్వాత 120, ఆపైన 180 నంబర్ ఎమరీ, చెక్క గీతల వెంబడే. మచ్చ వరకే రుద్దితే అక్కడ రంగు వేరుగా పడుతుంది, అందుకని ఆ పట్టీ ఈ చివర నుంచి ఆ చివరికి పట్టాలి. మళ్లీ టర్పెంటైన్‌తో చూసుకోండి. స్టెయిన్ ఇప్పటికే వేసేసినా పని ఇదే, కాకపోతే ఓపిక రెట్టింపు కావాలి. అంత ఓపిక లేకపోతే స్టెయిన్ ఆశ వదిలి ప్రైమర్ కొట్టి ఎనామెల్ వేసుకోండి, మచ్చ కనబడదు. ఈసారి అతికించేటప్పుడు అతుకు పక్కన మాస్కింగ్ టేప్ వేయండి, లేదా జిగురు రబ్బరులా గట్టిపడేదాకా ఆగి ఉలితో లేపేయండి.

ఇక వేరే చిక్కులు. వార్నిష్ వేశాక గరుకుగా ఉందా? నూగు లేచి ఉండొచ్చు, 320 నంబర్ ఎమరీతో తేలిగ్గా రుద్ది రెండో కోటు వేయండి. టేకు మీద ఆరకుండా జిగటగా ఉంటే చెక్కలో ఉన్న నూనె వల్ల కావచ్చు, వేసింది తీసేసి థిన్నర్‌తో తుడిచి మళ్లీ పలచగా వేయండి. తెల్లరంగులోంచి చెక్కలోని ముడి పసుపుగా తేలితే షెల్లాక్ (లక్కతో చేసిన పూత) కొట్టి పైన రంగు వేస్తే చాలు.