లేజర్ డయోడ్ టెస్ట్ బెంచ్‌కి పవర్ ఇచ్చే ముందు

ముందు కళ్ళు. 808 నానోమీటర్ల వేవ్‌లెంగ్త్ ఉన్న లేజర్ డయోడ్ (లేజర్ వెలుగు ఇచ్చే చిన్న చిప్) వెలుగు దాదాపు కనపడదు, కనపడట్లేదు కదా అని వంగి చూశారంటే రెటీనా పోతుంది, మళ్ళీ రాదు. అర వాట్ దాటితే క్లాస్ 4, అంటే లేజర్లలో అన్నిటికంటే ప్రమాదకరమైన తరగతి, గోడ మీద పడి వచ్చే వెలుగు కూడా ప్రమాదమే. కళ్ళజోడు మీద మీ వేవ్‌లెంగ్త్, ఓడీ నంబర్ (వెలుగుని ఎంత ఆపుతుందో చెప్పేది) రాసుంటేనే కొనండి. పిల్లలు తిరిగే గదిలో అసలు పెట్టొద్దండి ప్లీజ్.

ఇక మన బెజవాడ తేమ. పెల్టియర్ (కరెంటు ఇస్తే ఒక వైపు చల్లగా, రెండో వైపు వేడిగా అయ్యే పలక) ఉంది కదా అని డయోడ్‌ని 15 డిగ్రీలకి లాగేయకండి, గది 35 డిగ్రీలు, తేమ 60 శాతం ఉంటే 26 దగ్గరే చెమ్మ పట్టేస్తుంది, డయోడ్ అద్దం మీద సన్నగా చుక్కలు కట్టి అవి పిన్నుల మీదకి జారాయంటే షార్టే. 28లో ఉంచితే చాలు, ఏసీ గదైతే ఇంకాస్త దించొచ్చు. వేడి కొలిచే థర్మిస్టర్‌ని డయోడ్ పక్కనే అంటించాలి. పెల్టియర్ వేడి వైపు ఫ్యాన్ ఆగితే చల్ల వైపు కూడా వేడెక్కిపోతుంది, అందుకే ఫ్యాన్ ఆగగానే డయోడ్ కూడా ఆగిపోయేలా వైరింగ్ చేయండి.

డయోడ్‌కి పవర్ ఇచ్చే డ్రైవర్ సర్క్యూట్ కాన్‌స్టంట్ కరెంట్‌దే (కరెంట్‌ని ఒకే స్థాయిలో ఉంచేదే) వాడాలి. డయోడ్ కలిపే ముందు పవర్ ఆపేసి అవుట్‌పుట్ కెపాసిటర్‌ని రెసిస్టర్‌తో ఖాళీ చేయండి, లేదంటే కలిపిన క్షణంలోనే డయోడ్ పోతుంది. చేతికి ఎర్తింగ్ స్ట్రాప్ తప్పదు. ఎదురుగా మెరవని ఇటుక పెట్టండి, అట్టముక్క అయితే అంటుకుంటుంది. ఇంట్లో కరెంటు పోయి వచ్చినప్పుడు లేజర్ దానంతట అది ఆన్ అవ్వకూడదు.